లోతు నీటిలో ఊపిరి: ఏ పరికరం ఎంత భద్రం?

చెరువులో మునిగి, ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టే పందెం మీలో చాలామంది వేసుకునే ఉంటారు. కాసేపటికే ఛాతీ గింజుకుంటుంది. ఇక ఆగలేక పైకి వచ్చేస్తాం. ప్రాణవాయువు అయిపోయినందువల్లనే ఇలా జరుగుతుందని అనుకుంటాం. నిజానికి మనల్ని అలా తరిమేది, ముఖ్యంగా శరీరంలో పేరుకుపోయే బొగ్గుపులుసు వాయువు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాయుమండలం చొప్పున పీడనం పెరుగుతుంది. నీటి పైనున్న గాలి పీడనం ఒకటి ఉండనే ఉంది. అంటే 40 మీటర్ల లోతున 5, 90 మీటర్ల లోతున 10 వాయుమండలాల పీడనం ఉంటుందన్నమాట. అక్కడ పీల్చే వాయువు కూడా అంతే పీడనంతో అందాలి. లేకపోతే ఊపిరితిత్తులు విచ్చుకోవు.

ఈ చిక్కును 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ తమ రెగ్యులేటరుతో తీర్చారు. డైవరు పీల్చినప్పుడు మాత్రమే అది తగిన పీడనంతో గాలినిస్తుంది. వదిలిన ఊపిరి బుడగలై పైకి పోతుంది. దీన్ని తెరచిన వలయ పద్ధతి అంటారు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. 12 లీటర్ల సిలిండరులో 200 వాయుమండలాల పీడనంతో నింపిన వాయువు బయట 2400 లీటర్లవుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది గట్టున 120 నిమిషాలు వస్తుంది. 40 మీటర్ల లోతున 24 నిమిషాలే. 90 మీటర్ల లోతున 12 నిమిషాలే! పోనీ, అయిపోగానే పైకి వచ్చేద్దామా అంటే కుదరదు. గోలీసోడా కొట్టగానే బుడగలు పొంగినట్లే, పీడనం హఠాత్తుగా తగ్గితే ఒంట్లో కరిగిన వాయువు బుడగలు కడుతుంది. అందుకే మజిలీలు చేస్తూ మెల్లగా రావాలి. తెరచిన వలయంలో పెద్ద ప్రమాదం ఇదే: దారిలో వాయువు చాలకపోవటం.

నిజానికి మనం పీల్చిన ప్రాణవాయువులో చాలా భాగం తిరిగి వదిలేస్తాం. దాన్ని పారేయటమెందుకు? ఈ ఆలోచనతోనే 1878లో ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ ఒక పరికరం చేశాడు. 1880లో నీట మునిగిన సెవెర్న్ సొరంగంలోకి అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు దాంతోనే వెళ్లి, చీకటిలో ఇనుప తలుపు మూసి వచ్చాడు. నేటి రీబ్రీదరుకు మూలం అదే. ఇది మూసిన వలయం. వదిలిన ఊపిరి సోడాలైము డబ్బా గుండా పోతుంది. సోడాలైము బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది. ఖర్చయిన ప్రాణవాయువును పరికరం చేరుస్తుంది. లోతు పెరిగినా ఖర్చు పెద్దగా పెరగదు. గంటల తరబడి ఉండవచ్చు.

మరి ఇదే మేలు కదా అంటారేమో! ఆగండి. ప్రాణవాయువు చేర్చే కవాటం పనిచేయలేదనుకుందాం. ఒంట్లో ప్రాణవాయువు తగ్గుతూ ఉంటుంది. కాని బొగ్గుపులుసు వాయువును సోడాలైము తీసేస్తోంది గనుక ఛాతీ గింజుకోదు. చెరువులో మనల్ని హెచ్చరించిన ఆ గంట ఇక్కడ మోగదు. డైవరు హాయిగా ఉన్నాననుకుంటూనే స్పృహ తప్పుతాడు. ప్రాణవాయువు ఎక్కువైనా ముప్పే. మిశ్రమంలో దాని వంతు పీడనం 1.6 వాయుమండలాలు దాటితే మూర్ఛ రావచ్చు. తెరచిన వలయం చెడితే చాలాసార్లు చప్పుడు చేస్తుంది, బుడగలు చిమ్ముతుంది. మూసిన వలయం చప్పుడు లేకుండా చెడగలదు.

దక్షిణాఫ్రికాలో బూస్మాన్స్‌గాట్ అనే లోతైన నీటి గుహ ఉంది. 1996లో నూనో గోమెజ్ తెరచిన వలయంతో అందులో 282.6 మీటర్లు దిగి క్షేమంగా వచ్చాడు. 2004లో డేవిడ్ షా రీబ్రీదరుతో 270 మీటర్లు దిగి, అంతకు ముందు అక్కడ మునిగిపోయిన ఒక యువకుడి దేహాన్ని చూశాడు. 2005 జనవరిలో దాన్ని తీసుకురావటానికి మళ్లీ దిగి, అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. అంత లోతున వాయువు చిక్కబడి, ఊపిరి ఆడించటమే కష్టమవుతుంది. దానికి తోడు శ్రమ. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఆయన స్పృహ తప్పాడు.

ఈ రెండు ఉదాహరణలతోనే తీర్పు చెప్పలేం. 1998 నుంచి 2010 వరకు జరిగిన రీబ్రీదరు మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం, మామూలు స్కూబా కంటే ఇందులో మరణ ప్రమాదం 4 నుంచి 10 రెట్లు ఉండవచ్చని అంచనా వేసింది. అయితే రీబ్రీదరు వాడేవారు తరచు మరింత లోతుకు, మరింత కష్టమైన చోట్లకు పోతారు. తప్పంతా పరికరానిదే అనలేం.

అందుకే అనుభవజ్ఞులు లోతుకు దిగేటప్పుడు రెండూ ఉంచుకుంటారు. రీబ్రీదరుతో ఊపిరి పీలుస్తూనే, పైకి చేరటానికి సరిపడే తెరచిన వలయపు సిలిండర్లు పక్కన కట్టుకుంటారు. ప్రాణవాయువును చూపే మీటరును మాటిమాటికీ చూసుకుంటారు. ఏమాత్రం అనుమానం కలిగినా, తెలివి మందగించక ముందే సిలిండరుకు మారిపోతారు. మన శరీరం హెచ్చరించలేని చోట, మన కన్నే హెచ్చరిక గంట కావాలి.