క్యారియర్ మీద స్టాండు కెమెరా

హాఫ్ ప్లేటు అంటే నాలుగు ముప్పావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు ఉన్న గాజు పలక. రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే దాదాపు 100 గ్రాములు తూగుతుంది. అరచేతిలో పెట్టుకుంటే పెద్ద బరువేం కాదు. కానీ ఆ పలకల్ని దాచే చెక్క స్లైడులు, మడతల బెలోస్ ఉన్న కెమెరా పెట్టె, ఇత్తడి గొట్టంలో బిగించిన లెన్సు, మూడు కాళ్ల స్టాండు, తల మీద కప్పుకునే నల్లగుడ్డ అన్నీ ఒకచోట చేరిస్తే మనిషి రెండు చేతులూ చాలవు. జట్కా కట్టించుకునే స్తోమత లేని ఫోటోగ్రాఫర్లు పెళ్లిళ్లకీ స్కూళ్లకీ ఈ సామానంతా సైకిలెక్కించే తీసుకెళ్లారు. మన విశాఖపట్నం వన్ టౌన్‌లోనూ అంతే.

కెమెరా, సైకిల్ ఈ రెండు యంత్రాలూ ఇంచుమించు ఒక ఈడువి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన తడి ప్లేటు పద్ధతిలో, గాజుకు మందు పూసి, అది ఆరేలోపే ఫోటో తీసి, వెంటనే కడగాలి. అందుకని ఊరు దాటే ఫోటోగ్రాఫర్ చీకటిగదినీ వెంట తీసుకెళ్లేవాడు, గుడారం, రసాయనాలు, నీళ్లు బండిలో వేసుకుని. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే వైద్యుడు జెలటిన్ పూసిన పొడి ప్లేటుకు దారి చూపాడు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకు అది బాగా పదునెక్కింది. ప్లేట్లు ముందే సిద్ధంగా ఉంటాయి, ఇంటికొచ్చాక తీరిగ్గా కడుక్కోవచ్చు. బండి అవసరం తీరిపోయింది. సరిగ్గా అప్పుడే, 1885లో, జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీలో రోవర్ సైకిల్‌ను తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చి కుదుపు తగ్గించింది.

నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఆ తర్వాతి దశాబ్దం. సైకిల్ కోసం కెమెరాయే తన ఆకారం మార్చుకుంది. అమెరికాలోని రోచెస్టర్ నగరపు కంపెనీలు ‘సైకిల్ పోకో’ వంటి పేర్లతో కెమెరాలు అమ్మాయి. లెన్సూ బెలోసూ లోపలికి ముడుచుకుపోతాయి, ముందు తలుపు మూస్తే తోలు తొడిగిన చదునైన పెట్టె మిగులుతుంది. 1892లో పిట్స్‌బర్గ్ నుంచి ఫ్రాంక్ లెంజ్ అనే యువకుడు బరువైన కెమెరాను వీపుకు కట్టుకుని సైకిల్ మీద ప్రపంచయాత్రకు బయలుదేరాడు. మన దేశంలోనూ గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెంట తొక్కాడు. 1894లో తూర్పు టర్కీలో అతని ఆచూకీ పోయింది. కెమెరాను సైకిల్‌కు కాకుండా వీపుకెందుకు కట్టుకున్నాడో ఆలోచించాల్సిన విషయం.

మన దేశంలో ఈ జంట ఎక్కువకాలం బతికింది. 1940లలో కేరళలోని అలప్పుళలో కరుణాకరన్ టేకు చెక్కతో ‘వాగీశ్వరి’ ఫీల్డు కెమెరా చేయడం మొదలుపెట్టారు. వాళ్లది సంగీత వాద్యాలు బాగుచేసే కుటుంబం. హార్మోనియం తిత్తిని మడతపెట్టడం తెలిసిన చేతులకు కెమెరా బెలోస్ కొత్తేం కాదు. ఆ కెమెరాలు దేశమంతా స్టూడియోలకు చేరాయి. సైకిళ్లు కూడా ఇక్కడే తయారవసాగాయి: మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపట్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో. నల్లరంగు, 28 అంగుళాల చక్రాలు, వెనక బలమైన ఇనప క్యారియర్.

ఆ క్యారియర్ మీద పెట్టెను కట్టడం ఒక విద్య. బరువు వెనక ఇరుసు దాటి వెళితే ముందు చక్రం తేలిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. అందుకే పెట్టెను సీటుకు ఆనించి నిలువుగా పెట్టేవారు. కింద నాలుగు మడతల గోనె. కట్టడానికి తాడు కాదు, పాత ట్యూబును పొడుగ్గా కోసిన రబ్బరు పట్టీ. తాడు గతుకుల్లో వదులవుతుంది, రబ్బరు సాగి మళ్లీ బిగుస్తుంది. స్టాండు కాళ్లు మూడూ దగ్గరకు చేర్చి ముందు బారు వెంట రెండుచోట్ల కట్టేవారు, మోకాలికి తగలకుండా. స్లైడులు మాత్రం పడుకోబెట్టేవారు కాదు, అంచు మీద నిలబెట్టేవారు. పడుకున్న గాజు ప్రతి గుంతకూ మధ్యలో వంగబోతుంది, అంచు మీద నిలబడ్డ గాజు అలా వంగదు. లెన్సు విప్పి గుడ్డసంచిలో చుట్టి భుజానికి తగిలించుకునేవారు. రోడ్డు దెబ్బ చక్రం నుంచి క్యారియర్‌కు సూటిగా ఎక్కుతుంది. మనిషికైతే నడుమూ మోకాళ్లూ ఆ దెబ్బను చాలావరకు తినేస్తాయి. లెంజ్ వీపు రహస్యం కూడా అదేనని నా నమ్మకం.

వన్ టౌన్‌లో ఈ ప్రయాణం చదునైన దారిలో సాగేది కాదు. ఒకపక్క సముద్రం, ఒకపక్క 1933లో తెరుచుకున్న పోర్టు, ఇరుకు సందులు, మధ్యలో గుడీ దర్గా చర్చీ ఉన్న మూడు కొండలు. చర్చి ఉన్న రాస్ హిల్ మీద గ్రూప్ ఫోటో అంటే ఎక్కడో ఒకచోట సైకిల్ దిగి నెట్టాల్సి వచ్చేది, లేదా కింద స్టాండు వేసి పెట్టెను భుజాన మోయాల్సి వచ్చేది. 1847 నాటి సెయింట్ అలోషియస్ లాంటి పాఠశాలలో ఆవరణ దాకా తొక్కుకుంటూ వెళ్లగలిగేవారు. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేచి నల్లగుడ్డ ఎగిరిపోతుండేది, కాబట్టి పొద్దున్నే పని ముగించడం మేలనిపించేది.

ఒక్కో స్లైడులో ముందొకటి వెనకొకటి, రెండే ప్లేట్లు. మూడు స్లైడులు తెస్తే మొత్తం ఆరు ఫోటోలు. పెళ్లింట్లో ఎవరెవరు ఫోటోలోకి రావాలన్నది చాలావరకు ఆ క్యారియర్ మోయగల బరువే తేల్చేసేది. అందుకే పాత గ్రూప్ ఫోటోల్లో ఇల్లంతా ఒకే చోట కూర్చుని ఉంటుంది, నేల మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దలు, వెనక నిలబడ్డ కుర్రకారు. కెమెరా వెనకుండే గరుకు గాజు, అంటే గ్రౌండ్ గ్లాసు మీద అందరూ తలకిందులుగా కనిపించేవారు. స్పష్టత సరిచూసి, గ్లాసు స్థానంలో స్లైడు దూర్చి, “కదలకండమ్మా, చంటిదాన్ని పట్టుకోండి” అని హెచ్చరించి, లెన్సు మూత తీసి ఒకటి, రెండు లెక్కపెట్టి మూసేసేవారు. షట్టరు లేని లెన్సుకు ఆ లెక్కే షట్టరు. గడప దాటలేని ముసలమ్మల ముఖాలు, మంచం దిగని తాతల ముఖాలు ఈ రోజు మనకు మిగిలాయంటే, కెమెరా వాళ్ల వాకిట్లోకి సైకిల్ మీద వచ్చినందువల్లే. స్టూడియోకి వెళ్లగలిగినవాళ్ల చరిత్ర ఎలాగూ మిగిలేది.

తర్వాత 120 రోలు ఫిల్ము, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ, 35 ఎంఎం కెమెరాలు వచ్చాయి. సామాను భుజం సంచిలోకి కుదించుకుపోయింది, సైకిల్ స్థానంలో స్కూటర్ వచ్చింది.

గాజు నెగెటివ్‌ల సంగతి మాత్రం నన్ను కలవరపెడుతుంది. మన తీరంలో గాలిలో తడి ఎప్పుడూ ఎక్కువే, జెలటిన్‌ను బూజు ఇష్టంగా తింటుంది. చాలాచోట్ల ఆ పొరను కడిగేసి గాజును ఫ్రేములకు వాడేసుకున్నారు. వన్ టౌన్‌లో మూతపడ్డ స్టూడియో వారసులెవరి అటకమీదైనా ప్లేట్ల పెట్టె ఉంటే దయచేసి నీళ్లతో కడగకండి. మెత్తని బ్రష్షుతో గాజువైపు దుమ్ము మాత్రమే దులపండి. ఒక్కొక్కటీ విడిగా కాగితంలో చుట్టి, పొడిచోట, అంచు మీద నిలబెట్టండి. కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి ఫోన్‌తో తీసి, రంగులు తిరగేస్తే ముఖాలు కనిపిస్తాయి. ఆ ముఖాల్ని గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంకా ఉండగానే పేర్లు రాసిపెట్టండి.