చెప్పకుండా వాడుకున్న లైబ్రరీ

ఇళ్లలో వాడే వైఫై రౌటర్లలో చాలావాటిలో నడిచేది లినక్సే. మన ఫోన్ పాస్‌వర్డ్‌ను సరిచూసి లోపలికి రానిచ్చే పని సాధారణంగా హోస్ట్‌ఏపీడీ అనే ప్రోగ్రాముది. గూఢలిపి లెక్కలకు దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీ కావాలి, కెర్నెల్‌తో మాట్లాడటానికి లిబ్‌ఎన్‌ఎల్ కావాలి. ఆ రెండింటికీ సీ లైబ్రరీ కావాలి. ఒక మోస్తరు పరికరంలో ఇలా ఒకదాన్నొకటి ఆనుకున్న ప్యాకేజీలు వందల్లో ఉంటాయి.

రౌటర్‌లో కంపైలర్‌కు చోటుండదు. అందుకని మొత్తం సాఫ్ట్‌వేర్‌ను పెద్ద కంప్యూటర్ మీద, రౌటర్ ప్రాసెసర్‌కు సరిపోయేలా బిల్డ్ చేసి, ఒకే ఇమేజ్‌గా పరికరంలోకి ఎక్కిస్తారు. ఇందుకు వాడే వ్యవస్థల్లో బిల్డ్‌రూట్, యోక్టో పేరున్నవి. 2010లో లినక్స్ ఫౌండేషన్ ప్రకటించిన యోక్టోలో ప్రతి ప్యాకేజీకీ ఒక రెసిపీ ఉంటుంది. సోర్స్ ఎక్కడ దొరుకుతుందో, ఎలా కంపైల్ చెయ్యాలో, అంతకుముందు ఏమేం సిద్ధంగా ఉండాలో అందులో రాస్తారు. బిట్‌బేక్ అనే ప్రోగ్రాము ఆ రెసిపీలన్నీ చదివి, ఏది ముందో ఏది వెనకో తేల్చుకుంటుంది.

వరస తేల్చడం పెద్ద కష్టం కాదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మేక్ అనే ప్రోగ్రాము కూడా ఆ పని చేసేది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. పూర్తి కంపైలర్ తయారవ్వాలంటే సీ లైబ్రరీ ఉండాలి, సీ లైబ్రరీ తయారవ్వాలంటే కంపైలర్ ఉండాలి. బిల్డ్‌రూట్ అందుకే జీసీసీ అనే కంపైలర్‌ను రెండుసార్లు బిల్డ్ చేస్తుంది. మొదటి విడతలో వచ్చే కొద్దిపాటి కంపైలర్‌తో సీ లైబ్రరీ తయారుచేసి, దాని ఆసరాతో రెండో విడత పూర్తి చేస్తుంది.

అసలు ప్రమాదం ఎవరూ రాయని ఆధారంతోనే, అంటే రెసిపీలో పేరు లేకుండా వాడుకున్న లైబ్రరీతోనే వస్తుంది. చాలా ప్యాకేజీలు కంపైల్ అయ్యే ముందు చుట్టూ ఏ లైబ్రరీలున్నాయో తామే వెతుక్కుంటాయి. కనిపిస్తే దాన్ని వాడుకునే సదుపాయాన్ని చేర్చుకుంటాయి, లేకపోతే నోరెత్తకుండా వదిలేస్తాయి. ఒకప్పుడు యోక్టోలో తయారైన లైబ్రరీలన్నీ ఒకేచోట చేరేవి. ఉమ్మడి గాదెలోంచి ఎవరికి అందింది వాళ్లు తీసుకున్నట్టు, రెసిపీలో పేరు రాయని లైబ్రరీని కూడా ప్యాకేజీలు వాడేసుకునేవి. పనులు ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఆ లైబ్రరీ ఒక రోజు ముందే తయారయ్యేది, మరో రోజు ఆలస్యమయ్యేది. సోర్సులో అక్షరం మారకపోయినా, రెండు బిల్డుల్లో రెండు రకాల ఫలితం వచ్చేది. బిల్డ్ విజయవంతం అన్న సందేశం మాత్రం రెండుసార్లూ కనిపించేది!

2017లో వచ్చిన యోక్టో 2.3 ఈ ఉమ్మడి పద్ధతిని తీసేసింది. ప్రతి రెసిపీకీ విడిగా సిస్‌రూట్ అనే ఒక ఫోల్డర్ ఇచ్చింది. రెసిపీలో అడిగినవీ, వాటికి కావలసినవీ మాత్రమే అందులో ఉంటాయి. పేరు రాయడం మరిచిపోతే ఆ లైబ్రరీ కనిపించదు, దాన్ని తప్పనిసరిగా కోరే ప్యాకేజీ అక్కడే ఆగిపోతుంది. యోక్టో చేసిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. తప్పు కొనుగోలుదారు ఇంట్లో కాకుండా ఇంజనీర్ బల్ల మీదే బయటపడాలి.

కంపైల్ చేసేటప్పుడు కావలసినవి ఒక రకం, పరికరంలో నడిచేటప్పుడు కావలసినవి మరో రకం. ఒక ప్రోగ్రాము ఏ లైబ్రరీలతో లింక్ అయిందో బైనరీలోనే ఉంటుంది కాబట్టి, బిట్‌బేక్ దాన్ని చదివి ఆ లైబ్రరీలను ఇమేజ్‌లో తనే చేరుస్తుంది. పైథాన్ దగ్గర ఈ కన్ను పనిచెయ్యదు. చోటు ఆదా కోసం యోక్టో పైథాన్‌ను చిన్న చిన్న ప్యాకేజీలుగా విడదీస్తుంది, జేసన్ చదివే మాడ్యూల్ సైతం విడి ప్యాకేజీయే. ఇంజనీర్ కంప్యూటర్లో పైథాన్ మొత్తం ఉంటుంది, అక్కడ స్క్రిప్ట్ చక్కగా నడుస్తుంది. పరికరంలో మొదటి ఇంపోర్ట్ దగ్గరే కూలిపోవచ్చు. ఇలాంటివి మనిషే తెలుసుకుని రాయాలి.

ఇంత పట్టింపు ఎందుకో 2024 మార్చిలో లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యం కావడం చూసి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ దాన్ని పట్టుకున్నాడు. దాని గురి ఇళ్లలోని రౌటర్లు కాదు, ఎక్స్86-64 కంప్యూటర్లలో రిమోట్ లాగిన్ చూసే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. నిజానికి ఆ సర్వర్‌కు ఎక్స్‌జెడ్‌తో నేరుగా పనే లేదు. కొన్ని లినక్స్ పంపిణీలు దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని జోడించాయి, ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ వచ్చింది.

2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఐరోపా సైబర్ రెసిలియెన్స్ చట్టం, డిజిటల్ వస్తువులో వాడిన సాఫ్ట్‌వేర్ భాగాల జాబితాను తయారీదారు సిద్ధం చేసుకోవాలంటోంది. ఈ బాధ్యతల్లో ఎక్కువ భాగం 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. జాబితాలో కనీసం పై వరస ఆధారాలు, అంటే నేరుగా వాడినవి, ఉండాలన్నది నియమం. అది చాలదని నా అభిప్రాయం. పై వరసే రాసి ఊరుకుంటే ఎక్స్‌జెడ్ లాంటి పేరు అందులోకి రాకపోవచ్చు. ఇమేజ్ బిల్డ్ అయ్యేటప్పుడే అట్టడుగు దాకా జాబితాను ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక రూపంలో ఇచ్చే ఏర్పాటు యోక్టోలో ఇప్పటికే ఉంది. రెసిపీలలో రాసింది నిజమైనంత వరకు ఆ జాబితా కూడా నిజమే.