నకలు గీసిన చెయ్యి ఎవరిది?

మన విమర్శలో 'నకలు' అనే మాట తిట్టుకిందే లెక్క. ఒక కథని నకలు అనేశాక ఇక దాని గురించి మాట్లాడాల్సింది ఏమీ మిగలదు. చిత్రలేఖనం దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం అంత సులువుగా తేలదు. కళాచరిత్రలో బరోక్ అని పిలిచే పదిహేడో శతాబ్దపు యూరపు తైలవర్ణ చిత్రాలకు చేత్తో వేసిన నకళ్లు ఇవాళ దేశదేశాల్లో అమ్ముడవుతున్నాయి. వీటిని దొంగ సరుకని తోసిపుచ్చే ముందు అసలు ఎలా తయారైందో, నకలు ఎలా తయారవుతోందో, ఆ రెంటి వెనకా ఉన్న శ్రమ ఎవరిదో చూడాలి.

చీకట్లోకి ఒక పక్కనుంచి పడే వెలుతురు, కదలికలో పట్టుకున్న దేహాలు, చూసేవాణ్ణి నిలవేసే నాటకీయత - ఇవి బరోక్ చిత్రాల ముఖ్య లక్షణాలు. ఇటలీలో కారవాజ్జో, ఫ్లాండర్స్‌లో రూబెన్స్, హాలండులో రెంబ్రాంట్ దీని ప్రతినిధులు. ఈ చిత్రాలు కావలసింది చర్చికి, రాజాస్థానాలకు, హాలండులో వర్తకులకు. ఆ గిరాకీ ఒక్క మనిషి చేతికి మించిపోయింది. అందుకే పేరున్న చిత్రకారుడి ఇల్లు ఒక కార్ఖానా అయింది.

1618లో రూబెన్స్ హేగ్‌లోని ఇంగ్లీషు రాయబారి డడ్లీ కార్ల్‌టన్‌కు ఒక ఉత్తరం రాశాడు. కార్ల్‌టన్ దగ్గరున్న ప్రాచీన పాలరాతి శిల్పాలకు మారుగా తాను ఇవ్వగల చిత్రాల పట్టిక అది. సింహాల గుహలో దానియేలు చిత్రం పూర్తిగా తన చేతిపని, 600 ఫ్లోరిన్లు. సంకెళ్లలో ఉన్న ప్రొమీథియస్ తనదే గాని, అతని కాలేయాన్ని పొడుస్తున్న గద్ద స్నైడర్స్‌ది, 500 ఫ్లోరిన్లు. మరికొన్ని శిష్యులు మొదలుపెట్టినవి, తాను దిద్దినవి. ఇదంతా చెప్పడానికి రూబెన్స్ సిగ్గుపడలేదు. ఎవరి చెయ్యి ఎంతవరకు పడిందో చెప్పి, దాన్నిబట్టే ధర కట్టాడు. 'అసలు' అంటే ఒక్క మేధావి ఒంటరిగా చేసిన పని అనే మన నమ్మకానికి ఈ పట్టికలో చోటు లేదు.

నకలు కొన్నిసార్లు అసలుకంటే ఎక్కువ నిజం చెబుతుంది. రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన 'నైట్ వాచ్' చిత్రాన్ని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ పురభవనానికి తరలించినప్పుడు, రెండు తలుపుల మధ్య గోడకు పట్టడంలేదని నాలుగు అంచులా కోసేశారు. కోసిన ముక్కలు ఇంతవరకు దొరకలేదు. కాని అంతకుముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు చిన్న సైజులో దానికి నకలు వేసి ఉంచాడు. ఎడమ అంచున ఎవరెవరు ఉండేవారో మనకు తెలిసింది దానివల్లే. 2021లో రైక్స్ మ్యూజియం కంప్యూటరు సాయంతో ఆ భాగాలను తిరిగి కల్పించి ప్రదర్శించినప్పుడు ఆధారం లుండెన్స్ నకలే. కవి చేతిప్రతి పోయినా లేఖకుల తాటాకు ప్రతుల ద్వారా కావ్యం దక్కించుకున్న తెలుగువాళ్లకు ఈ సంగతి వింత కాదు.

మరి ఇవాళ్టి అంగడి నకలు సంగతేమిటి? బరోక్ చిత్రంలో నలుపు ఒట్టి నలుపు కాదు. ముందు ముదురు పూత, దానిమీద రూపాల ఛాయలు, ఆపైన పలచటి పారదర్శక వర్ణపు పొరలు. నూనెరంగు నీళ్లరంగులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. ఒక పొర ఆరేదాకా ఆగి మరొకటి వెయ్యాలి. చిత్రానికింత అని కూలి తీసుకునేవాడికి ఆ ఆగడమే నష్టం. అతను తడిమీద తడి వేసి ముగిస్తాడు. నీడ లోతు పోయి మసిగా మారేది అక్కడే. లోపం అతని చేతిలో లేదు, అతనికిచ్చిన గడువులో ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నకలు అసలుతోపాటు దాని శిథిలతను కూడా ఎత్తి రాస్తుంది. వెర్మీర్ 'ముత్యపు లోలాకు పిల్ల' వెనక ఇప్పుడు కనిపించే నల్లని శూన్యం ఒకప్పటి ఆకుపచ్చ తెర అని మారిట్స్‌హౌస్ మ్యూజియం 2020లో పరిశోధన ఫలితాలు ప్రకటించింది. కాలం రంగుని తినేసింది. బజారు నకళ్లలో మాత్రం ఆ నలుపే వెర్మీర్ శైలిగా చెలామణి అవుతోంది.

ఈ బజారుకు పెద్ద కేంద్రం చైనాలో షెన్‌జెన్ నగరంలోని దాఫెన్. 1989లో హాంకాంగ్ నుంచి హువాంగ్ జియాంగ్ కొందరు చిత్రకారులను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చి ఎగుమతి ఆర్డర్లకు పని మొదలుపెట్టాడు. దాఫెన్ అనగానే ఒకడు ఆకాశం, ఒకడు ముక్కు, ఒకడు చెట్టు వేసే ఫ్యాక్టరీ వరస మన కళ్లముందు మెదులుతుంది. విన్నీ వాంగ్ 2013లో ప్రచురించిన అధ్యయనం అది చాలావరకు కట్టుకథేనని చూపించింది. అక్కడ ఎక్కువమంది తమ గదుల్లో కూచుని, ముక్కకింత లెక్కన, మొత్తం చిత్రాన్ని తామే వేసేవారు. శ్రమ విభజన రూబెన్స్ ఆంట్వెర్ప్‌లో ఉంటే గొప్ప శైలి, దాఫెన్‌లో ఉందని ఊహిస్తే చాలు అది కళాద్రోహం! ఈ రెండు తూకాల వెనక ఉన్నది సౌందర్య దృష్టి కాదు, వర్గదృష్టి.

2016లో వచ్చిన 'చైనాస్ వాన్ గోస్' డాక్యుమెంటరీ వాన్ గో నకళ్లు వేసే జావో షియావోయోంగ్ కథ. వాన్ గో బరోక్ కాడు గాని బజారు ఒకటే. ఏళ్ల తరబడి వేసిన నకళ్లు గ్యాలరీలకు వెళ్తున్నాయనుకున్న ఆ మనిషి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, వాటిని జ్ఞాపికల దుకాణంలో, తనకిచ్చినదానికి ఎన్నో రెట్ల ధరకు అమ్మడం చూస్తాడు. మ్యూజియంలో అసలు చిత్రం ముందు నిలబడితే, తాను ఇన్నేళ్లూ వేసిన రంగులు ఇవి కావని తెలుస్తుంది. అతనికి అందకుండా పోయినవి రెండు: తన శ్రమకు తగిన విలువ, తాను వేస్తున్నదాన్ని ఒక్కసారైనా కళ్లారా చూసే అవకాశం.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నకళ్లు వేసుకోవడానికి అనుమతిస్తారు గాని, నకలు అసలు కొలతలో ఉండకూడదనే నిబంధన ఉంది. తాను నకలునని ఒప్పుకునే నకలు ఎవర్నీ మోసం చెయ్యదు, పైగా నేర్పుతుంది. మోసం మరోచోట ఉంది. చిత్రం కింద రెంబ్రాంట్ పేరుంటుంది, అమ్మేవాడి పేరుంటుంది, గీసినవాడి పేరు ఉండదు. కాబట్టి విమర్శకుడు నకలు ముందు నిలబడి 'ఇది అసలేనా?' అని మాత్రమే అడిగితే చాలదు. ఎవరు వేశారు, ఎంత గడువులో వేశారు, వాళ్లకు ఎంత ముట్టింది అని కూడా అడగాలి. నాలుగు వందల ఏళ్ల కిందట రూబెన్స్ ఒక వ్యాపారపు ఉత్తరంలోనే చేతుల లెక్క చెప్పగలిగాడు. ఇవాళ్టి బజారు చెప్పలేకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు.