మరమనిషికి బారసాల

కథలో మనిషి ఉంటే పేరుకు కరువు లేదర్రా. తాతగారి పేరో, ఇలవేల్పు పేరో పెట్టేస్తాం. మరి రోబో అయితే? దానికి తాతగారెవరు, ఇలవేల్పెవరు?

అమెరికాలో ఐజాక్ అసిమోవ్ అని ఓ మహానుభావుడు ఉండేవాడు. కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతూ రోబోల కథలు రాసేవాడు. ఆయన కిటుకు చూడండి. ఫ్యాక్టరీ సరుకుకి మోడల్ నంబరు ఉంటుంది కదా, ముందు అది పెట్టేవాడు. 1941 నాటి కథలో ఒక రోబో పేరు క్యూటీ-1. నంబరు వదిలేసి పలకండి, క్యూటీ! ముద్దుపేరు వచ్చేసింది. మరుసటేడు కథలో ఎస్‌పీడీ-13. దాన్నందరూ స్పీడీ అంటారు. బుధగ్రహం మీద సెలీనియం తెమ్మని పంపితే, పేరుకే స్పీడీగానీ, ఆ సెలీనియం మడుగు చుట్టూ గిరగిరా తిరుగుతూ కూర్చుంటుంది. ఎందుకో నేను చెప్పను, చదువుకోండి. ఇది యంత్రం అని నంబరు చెబుతోంది, దీనితో మనుషులకు చనువుంది అని ముద్దుపేరు చెబుతోంది. ఇంక వేరే వర్ణనెందుకు?

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూశారుగా? అందులో హీరో భైరవ బండి అసలు పేరు బీయూ-జేజడ్-1, పిలుపు బుజ్జి. అదే కిటుకు, మన నోటికి తగ్గట్టు.

బుజ్జి అంటే చిన్నదని మనకు ముందే తెలుసు కాబట్టి ముద్దొస్తుంది, సరే. మరి అర్థమే లేని పేర్ల మాటేమిటి? 1929లో ఎడ్వర్డ్ సపీర్ అనే భాషాశాస్త్రవేత్త ఓ తమాషా చేశాడు. 'మిల్', 'మాల్' రెండూ బల్లలేననుకోండి, ఏది పెద్దది అని అడిగాడు. నూటికి దాదాపు ఎనభైమంది 'మాల్' అన్నారు! 'ఇ' అని చూడండి, నాలుక పైకి లేచి నోట్లో చోటు తగ్గిపోతుంది. 'ఆ' అంటే దవడ జారి బోలెడు చోటు. చెంచాతో ఉగ్గుగిన్నెను కొడితే టింగుమంటుంది, గంగాళాన్ని కొడితే బొంయ్‌మంటుంది కదా, అలాగే చెవి దాని లెక్క అది వేసేసుకుంటుంది.

2001లో రామచంద్రన్, హబ్బర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకాస్త ముందుకెళ్ళారు. ఒకటి ముళ్ళముళ్ళ బొమ్మ, ఒకటి గుండ్రటి మెత్తటి బొమ్మ. ఏది 'కీకీ', ఏది 'బూబా'? అమెరికా విద్యార్థులూ, మన పక్కనున్న తమిళులూ ఒకే మాట: ముళ్ళది కీకీ. నూటికి తొంభై అయిదుమందికి పైగా! మీరూ అదే అనుకున్నారు కదూ, దొంగల్లారా.

మన పురాణాల వాళ్ళకు ఈ ప్రయోగాలతో పనిలేకపోయింది. ఘటోత్కచుడు, కుంభకర్ణుడు, ధూమ్రాక్షుడు... పలకాలంటే పొట్టలోంచి గాలి లాగాలి. మనిషి ఎంతుంటాడో వేరే చెప్పాలా?

ఈమధ్య కొందరు వేరే లోకం మనిషి అనగానే నోరు తిరగని హల్లులు నాలుగు కుక్కి పేరంటున్నారు. నాకు నచ్చదు. పిలవలేని వాడి కష్టానికి ఎవరు ఏడుస్తారు?

మీ కథలో వాడికి పేరు పెట్టాక ముందు వీధి చివరినుంచి కేకేసి చూడండి. తర్వాత చెల్లాయికి కథ చెప్పకుండా పేరొక్కటే చెప్పి బొమ్మ గీయమనండి. మీరనుకున్న దానికీ అది గీసినదానికీ ఆమడ దూరం ఉంటే, మొహమాటపడకుండా పేరు మార్చెయ్యండి.