బీడీల చాట నుంచి బిగ్ బాస్ దాకా

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ వాడకు పోయినా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. మధ్యలో నవ్వులూ, వెక్కిరింతలూ మాత్రం లెక్కలోకి రావు!

మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ అట్లా చాట ముందు కూర్చున్న మనిషే. చిన్నప్పుడే పెళ్లి. బీడీలు చుట్టి, పొలం కూలికి పోయి పిల్లల్ని సాకింది. శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో'లో కెమెరా ముందుకొచ్చేసరికి యాభై దాటాయి. ఆమె తిడుతుంటే కూడా నవ్వొస్తుంది. ఎందుకంటారా? అది మన ఇంట్లో అవ్వ తిట్టే తిట్టు. మన యాసను ఏళ్లతరబడి సినిమాల్లో రౌడీలకే అంటగట్టారని నాకు కడుపుమంట. ఆ యాసతోనే ఆమె 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్'లలో కనిపించింది.

2020లో బిగ్ బాస్‌కు పోయింది ఇల్లు కట్టుకోవాలన్న ఆశతో. ఆరోగ్యం సహకరించక ఐదో వారంలోనే బయటికొచ్చింది. నాగార్జున అండతో 2021లో ఊళ్లో కొత్తింట్లో అడుగుపెట్టింది. 2024లో మళ్లీ పోయి, మళ్లీ మధ్యలోనే వచ్చేసింది. "ఊరిడిసి ఎన్నొద్దులుంటది!" అంది మా పక్కింటి చిన్నమ్మ, బీడీకి దారం చుడుతూ.