కొండదారిలో సైకిలు

కిందటి సెలవుల్లో పద్నాలుగేళ్ళ మా మనుమడు, "తాతా, శింగనమల కొండ మీది మేకలదారిన సైకిళ్ళ మీద దిగుదాం" అన్నాడు.

నేను వద్దనలేదు. "ముందు నడిచి చూద్దాం, రా" అన్నాను.

నడుస్తూంటే వాడి కాళ్ళకింద గులకరాళ్ళు దొర్లాయి. అటువంటి చోట చక్రానికి పట్టు ఉండదు. దిగుడులో భయపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కితే, బరువంతా ముందుకు తూలి మనిషి తలకిందులవుతాడు. దారి పొడుగునా తుమ్మముళ్ళు కూడా ఉన్నవి. ఒక్కటి దిగితే చాలు, ట్యూబులో గాలి పోతుంది. ఎక్కడా నీడ లేదు.

వాడు కాసేపు ఆలోచించి, "చెరువువైపు బండిదారిన పోదాం, తాతా. అక్కడ నీకు ఆయాసం రాదు" అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే హెల్మెట్లు పెట్టుకుని, నీళ్ళూ పంపూ తీసుకుని బయలుదేరాము.

దారిని ఎంచవలసింది ముందుపోయేవాడి ధైర్యాన్ని బట్టి కాదు, వెనక వచ్చేవాడి బలాన్ని బట్టి. ఆ పాఠం నేను చెప్పకుండానే వాడికి వచ్చింది!