ప్రోగ్రాముల ఉపకరణ భాండారము



మా చిన్ననాట హైదరాబాదు ఉస్మాన్‌గంజ్‌లోని టోకు దుకాణములలో కాంటా ప్రక్కన ఇనుప తూనికరాళ్లు వరుసగా నుండెడివి. ఏ వర్తకుడును వానిని తానే పోత పోసికొనెడివాడు కాడు. ప్రభుత్వముద్ర పడిన రాళ్లను కొని తెచ్చుకొనెడివాడు. అందువలన శ్రమ తగ్గెడిది. కాని రాయి తప్పైనచో దానితో తూచిన ప్రతి బస్తాయు తప్పే. నేడు నేను చెప్పబోవు విషయమునకు ఈ తూనికరాయియే చక్కని దృష్టాంతము.

కంప్యూటరుచేత చేయింపదలచిన పనిని వరుసగా వ్రాసియిచ్చు ఆజ్ఞల సముదాయమునకు ప్రోగ్రాము అని పేరు. ఏ ప్రోగ్రాము వ్రాసినను కొన్ని పనులు మాటిమాటికి వచ్చును. పేరులను క్రమమున నుంచుట, ఒక జాతివానిని ఒకచోట చేర్చుట, రెండుమారులు వచ్చినదానిని తొలగించుట, మొత్తము కట్టుట మొదలగునవి అట్టివి. ప్రతివాడును వీనిని మొదటినుండి వ్రాయుట వ్యర్థము. కావున నిపుణులు వీనిని ఒకసారి వ్రాసి, పరీక్షించి, ఎల్లరి వాడుకకును భద్రపఱతురు. ఆ భాండారమునకే లైబ్రరీ యని పేరు. ఈ పేరు ఊరక వచ్చినది కాదు. 1949లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు పనిచేయ నారంభించిన కాలమున, ఇట్టి ఆజ్ఞాభాగములను కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడిచి, బీరువాలో దాచి, గ్రంథములవలె కావలసినపుడు తీసి వాడుకొనిరి.

ఇప్పుడు స్థాపనక్రమము వినుడు. జావాస్క్రిప్ట్ అను భాషలో వ్రాయువారికి లోడాష్ అను సర్వోపయోగ లైబ్రరీ 2012 నుండి కలదు. దానికి వెల లేదు. మొదట నోడ్ అను సాధనమును కంప్యూటరులో నెలకొల్పవలెను. దానితో ఎన్‌పీఎం అను సరఫరాదారు కూడ వచ్చును. పిమ్మట మన పని యున్న ఫోల్డరునందు ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ లోడాష్’ అను మూడు మాటలు టైపు చేసినచో, ఇంటర్నెట్టునుండి లైబ్రరీ వచ్చి అందు చేరును. వచ్చిన సంచిక యేదో లాక్ ఫైలు అను పత్రమున నమోదగును. ఆ పత్రమును పారవేయరాదు. రేపు మఱియొక కంప్యూటరులో నీ పనిని నిలుపవలసినపుడు సరిగా ఆ సంచికయే వచ్చుటకు అదియే ఆధారము. అటుపిమ్మట ప్రోగ్రాములో ‘గ్రూప్‌బై’ అని పిలిచిన సరకులవారీగా విభజించును. ‘సమ్‌బై’ అని పిలిచిన మొత్తము కట్టును.

నా పూర్వశిష్యుడొకడు ఉస్మాన్‌గంజ్‌లోని యొక దుకాణమునకు ఇట్లే చిట్టా ప్రోగ్రాము వ్రాసి యిచ్చెను. లెక్కలలో తప్పు లేదు. చీటీలో చోటు తక్కువగుటచే, ఎనిమిది అక్షరములకు మించిన పేరును కోయుమని లైబ్రరీకి ఆజ్ఞ యిచ్చెను. కందిపప్పు నాలుగక్షరముల మాట గదా! అయినను చీటీపై ‘కందిపప్ప’ అని అచ్చయ్యెను. అతడు దానిని తెచ్చి చూపగా, ఇరువురమును పేరును విడదీసి వ్రాసితిమి. మనకు కం, ది, ప, ప్పు అని నాలుగు. యూనికోడ్ అను లిపిసంకేత పద్ధతిలో క, సున్న, ద, గుడి, ప, ప, పొల్లు, ప, కొమ్ము అని తొమ్మిది. లైబ్రరీ లెక్కించినది సంకేతములను, అక్షరములను గాదు. తొమ్మిదవదగు కొమ్ము తెగిపోయినది. 2023లో యూనికోడ్ 15.1 సంచికయందు, తెలుగు మొదలగు కొన్ని లిపుల సంయుక్తాక్షరములను నడుమ విడదీయరాదను నియమము చేరినది. ఆ నియమమును పాటించు సెగ్మెంటర్ అను సాధనము జావాస్క్రిప్టు క్రొత్త సంచికలలో కలదు. శిష్యుడు దానితో చీటీని సవరించెను.

ఒక కొమ్ము పోయిన నేమని తలపవలదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అను అక్షరము, నడుమ కంటికి కనబడని యొక సంకేతముతో కూడి వచ్చినచో, ఐఫోనులలో సందేశములు చూపు అప్లికేషన్లు కుప్పకూలెడివి. అక్షరములను తెరపై చిత్రించు పని యంతయు ఒక లైబ్రరీదే యగుటచే, అందలి యొక్క దోషము అనేక అప్లికేషన్లకు సోకినది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే 11.2.6 సంచిక వెలువరించి దానిని సరిచేసినది. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమే యంత్రములను ఆపివేసినది! రాయి తప్పైన ప్రతి బస్తాయు తప్పనుట ఇదియే.

కావున మీ యింటి పిల్లలు లైబ్రరీని వాడినపుడు మూడు మాటలడుగుడు. సంచిక నమోదైనదా? దోషము బయటపడినపుడు సవరించువారు కలరా? మన యక్షరములతో పరీక్షించితిరా? ఈ మూడవ పరీక్షకు కంప్యూటరు విద్య అక్కఱలేదు. క్ష, జ్ఞ, స్త్రీ మొదలగు వానిని మీరే వ్రాసి యిచ్చి, వచ్చినదానిని చదివి చూడుడు. గుణింతములు దిద్దిన చేతికి ఆ తప్పు వెంటనే చిక్కును. ముద్ర పడిన రాయినైనను ఒకసారి తూచి చూచుట పెద్దల పనియే గదా!